తోకలు చదివిన ఆయమ్మ

హిందూపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లు ఆయాగా పనిచేశాను. ఇది నర్సింగు చదివే పిల్లల కోసం చెప్తున్నాను. రేపు మీరూ ఎక్కడో ఒక చోట డ్యూటీలో చేరతారు కదా. ఆ ఇరవై రెండేళ్లలో నేను చేసిన మంచి పని ఒకటుంది. దాని వల్ల ఒక పిల్ల పోవాల్సిన దారి మూసుకుపోయింది. ఆ రెండూ కలిపే చెప్పాలి. నేను నోటితో చెప్తుంటే పక్కింటి అమ్మాయి రాస్తోంది. అన్నది అన్నట్టే రాయమన్నాను, తీపి కలపొద్దన్నాను. పేర్లు చెప్పను. నా పేరూ చెప్పను. ఆసుపత్రిలో అందరూ ఆయమ్మా అనేవాళ్లే తప్ప పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు, కాబట్టి నాకేం లోటు లేదు.

నాకు తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చు. ఇంగ్లీషు రాదు. కానీ ఆసుపత్రిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెవిలో పడేవి ఇంగ్లీషు మాటలే. ఏళ్ల తరబడి వినగా వినగా నాకు ఒక సంగతి పట్టుబడింది. మాట మొదలు ఏదైనా కానీ, చివర ఏముందో వింటే చాలు, నేను చేయాల్సిన పని తెలిసిపోయేది.

చివర ఐటిస్ అని పలికితే లోపల ఎక్కడో వాచి మండుతోందని అర్థం. సూదులు, మాత్రలు, వేడినీళ్ల సంచి. స్కోపీ అంటే గొట్టం పెట్టి చూస్తారు. పరగడుపున ఉంచాలి, రబ్బరు షీటు పరచాలి, వాంతికి గిన్నె పెట్టాలి. ఎక్టమీ అంటే కోసి తీసేస్తారు. పెద్ద బట్టల మూట, ఎనిమా, వెంట్రుకలు గీయడం, తీసినదాన్ని పట్టడానికి మూత ఉన్న డబ్బా. ఆస్టమీ అంటే పొట్ట మీద దారి చేసి సంచి తగిలిస్తారు, ఆ మంచం పక్క కిటికీ తెరిచి పెట్టాలి. ఓమా అంటే క్యాన్సరు గడ్డ, అది వినపడితే మాత్రం నోరు మూసుకుని దుప్పటి మార్చి వచ్చేయాలి, బంధువుల మొహం చూడకూడదు.

వీటిని నేను తోకలు అనుకునేదాన్ని. దూరంగా పోతున్న జీవం ఏదో తెలియకపోతే తోక చూసి పోల్చుకోమా, అలాగ. అన్నిసార్లూ కుదరలేదనుకోండి. ఒకసారి కంటి డాక్టరు వచ్చి ఒక ముసలాయనకి గ్లకోమా అన్నాడు. నేను ఓమా తోక పట్టుకుని ఆయన భార్యని పక్కకి పిలిచి, ధైర్యంగా ఉండు తల్లీ అని చెప్పాను. ఆవిడ రెండు రోజులు అన్నం ముట్టలేదు. తీరా చూస్తే ఆయనకి కావలసింది కంట్లో చుక్కలు. సారు నన్ను తిట్టారు, ఆ ముసలాయన అంతకంటే ఎక్కువ తిట్టాడు. అప్పటినుంచి తెలిసింది లోపలే పెట్టుకోవడం నేర్చుకున్నాను.

సారంటే మా డాక్టరు. ఆసుపత్రి ఆయనదే. చేతి పని మంచిది, ఆయన కోసిన చోట చీము పట్టడం నేను పెద్దగా చూడలేదు. పేదవాళ్లని కసురుకునేవారు కాదు. కాకపోతే రోగికి చెప్పడం అంటే టైము దండగ అనుకునేవారు. ఇంట్లో మగవాడికి చెప్తే చాలు, సంతకం అతనిదే కదా అనేవారు. నా భర్త పోయాక మా అత్తవారు నా పెట్టె తెచ్చి వీధిలో పెట్టారు. అప్పుడు ఆసుపత్రి వెనక జనరేటరు పక్కన ఒక గది నాకిచ్చినది ఆయనే. ఆ గది ఉన్నంతవరకే నాకు హిందూపురం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నేను చేసిన దానికి అదే కారణం అని చెప్పుకుంటూ వచ్చాను కాబట్టి.

ఆ నర్సు పిల్లది పెనుకొండ. తండ్రి టైలరు. రోజూ సోమందేపల్లి మీదుగా బస్సులో వచ్చి పోయేది, బస్సులో చెవిలో ఏదో పెట్టుకుని పెదాలు కదుపుతూ కూర్చునేదట. కండక్టరు మంత్రాలు చదువుతోందనుకున్నాడట. చదివేది జర్మను. ఆ దేశంలో నర్సులు చాలటం లేదని, భాష నేర్చుకుని పరీక్ష గట్టెక్కితే తీసుకుంటారని చెప్పింది.

వచ్చిన కొత్తలో ఒక రోజు సారు ఇంకా ఏమీ ఆర్డరు వేయకముందే నేను పెద్ద మూట తెచ్చి థియేటరు దగ్గర పెట్టడం చూసింది.

"ఆయమ్మా, ఇది పెద్దాపరేషనని నీకెవురు చెప్పినారు?"

"ఎవురూ చెప్పల్యా సిస్టరమ్మా. తోకను బట్టి తెచ్చినా."

"తోకేంది?"

"సారు ఫోన్లో ఏమో ఎక్టమీ అన్యాడు కదా. తీసేసేది ఉంటేనే ఆ తోక తగిలిస్తారు."

ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసి, పడీ పడీ నవ్వింది. "అయ్యో ఆయమ్మా! నేను కాలేజీలో కూచోని బట్టీ పట్టిందంతా నువ్వు దుప్పట్లు మడుస్తా నేర్చుకున్యావే!"

ఆ రోజు మధ్యాహ్నం బట్టల గదిలో కూర్చోబెట్టుకుని చెప్పింది. ఈ తోకలు ఇంగ్లీషువాళ్ల సొంతం కాదట. గ్రీకుల నుంచి తెచ్చుకున్నవట. జర్మనులూ అక్కడినుంచే తెచ్చుకున్నారట.

"అందుకే నాకు సగం కష్టం తప్పింది ఆయమ్మా. మనం గ్యాస్ట్రైటిస్ అంటామా, వాండ్లు గాస్ట్రీటిస్ అంటారు. మనం కార్డియాలజీ అంటే వాండ్లు కార్డియొలొగీ అంటారు. ఆర్థ్రోసిస్ అనేదాన్ని ఆర్త్రోజ అని చివర తుంచి ఇడుస్తారు."

"అంటే తోక అదే, ఊపేది వేరే."

"కరెక్టుగా చెప్పినావు. మా సారు కూడా ఇట్ల చెప్పల్యా." ఆ సారు ఫోనులో జర్మను నేర్పే ఆయన.

గ్లూకోజు సీసాలు వచ్చే అట్టపెట్టె మూత చింపి, దాని మీద తెలుగు అక్షరాలతోనే వరసగా రాసింది. ముందు ఇంగ్లీషు తోక, పక్కన జర్మను తోక, ఆ పక్కన మన మాట. మన మాట మాత్రం నన్నే చెప్పమంది. ఐటిస్, ఈటిస్, వాచి మండేది. ఎక్టమీ, ఎక్టొమీ, కోసి తీసేసేది. స్కోపీ, స్కొపీ, గొట్టం ఏసి చూసేది. ఇలా పది పన్నెండు. దాన్ని బట్టల బీరువా తలుపు లోపలి వైపు ప్లాస్టరుతో అతికించింది. తలుపు తెరిచినప్పుడల్లా నా మాట రాతలో కనపడేది. నా జన్మలో నేను చెప్పింది ఎవరైనా రాసి అతికించడం అదే మొదలు. గర్వపడలేదని అబద్ధం చెప్పను.

పరీక్షలో ఊరికే రోగం పేరు చెప్తే చాలదట. ఆ పిల్ల చెప్తే నేను నమ్మలేదు మొదట.

"పరీక్షలో ఎదురుగా రోగి కూచోని ఉంటాడు ఆయమ్మా. వానికి ఈ గ్రీకు మాటలు చెప్తే పనికిరాదు. వాండ్లకూ ఇంటి మాటలు వేరేగా ఉండాయి. అపెండిసైటిస్ అని డాక్టర్లు అంటారు, ఇండ్లల్లో గుడ్డిపేగు వాచింది అంటారు."

"గుడ్డిపేగా? దానికి ముందర కండ్లుండెనా ఏంది?"

"నవ్వొద్దు. నువ్వు రోగివి. నీకు గుడ్డిపేగు వాచింది. నన్ను అడుగు."

అలా రోజూ మధ్యాహ్నం, వార్డులో అన్నాలయ్యాక, నేను రోగినయ్యేదాన్ని. చేతకాని రోగిని కాదు, మొండి రోగిని. యాడ కోస్తారు? ఎంత కోస్తారు? తీసింది నాకు చూపిస్తారా? మల్ల మొలుస్తాదా? కోయకుంటే ఏమైతాది? ఆ పిల్ల జర్మనులో చెప్పేది, తర్వాత అదే తెలుగులో చెప్పేది. నాకు అర్థం కాకపోతే ఒప్పుకునేది కాదు. "నీకు అర్థం కాలేదంటే నేను ఫెయిలే" అనేది. నా అంత ముఖ్యమైన రోగి ఆ ఆసుపత్రిలో ఇంకొకరు లేరనిపించేది నాకు.

ఆ పిల్ల పరీక్ష గట్టెక్కింది. ఇంటర్వ్యూ కూడా అయింది, చోటు ఖాయం అన్నారు. మిగిలినవి రెండే. మా ఆసుపత్రిలో పనిచేసినట్టు అనుభవం కాగితం ఒకటి. రెండు, ఆ పిల్ల అసలు సర్టిఫికెట్లు. మా దగ్గర నర్సులు చేరేటప్పుడు సర్టిఫికెట్లు తీసుకుని సారు గదిలో ఇనుప బీరువాలో పెట్టేవారు, మధ్యలో మానేసి పోకుండా. నెలాఖరు లోపల అవి రెండూ పంపితే తన బ్యాచితో పాటు విమానం ఎక్కుతుంది. పంపకపోతే ఆ చోటు ఇంకొకరిది. సారు ఇస్తానన్నారు. వచ్చే వారం ఇస్తాను, సంతకాలు ఉన్నాయి అన్నారు.

ఆ వారంలోనే ధర్మవరం మనిషి వచ్చింది.

పట్టుచీరలు నేసే ఇల్లు వాళ్లది. మొగుడూ పెళ్లామూ ఒకే మగ్గం మీద మార్చి మార్చి కూర్చుంటారు. ఆ మనిషికి ముప్పై లోపలే వయసు. కడుపులో గడ్డకి నెలల తరబడి రక్తం పోయి, మొహం గంజి పెట్టిన గుడ్డలా తెల్లగా ఉంది. ఒక్కతే ఆడపిల్ల, ఐదేళ్లది. ఇంకొక బిడ్డ కావాలని ఆమెకి ఆశ. వచ్చినప్పటినుంచి అడిగిందల్లా అదే, ఈ గడ్డ తీసినాక ఎన్ని నెలలకి కడుపు నిలుస్తుంది అని.

సారు ఆమె మొగుణ్ణి గదిలోకి పిలిచి మాట్లాడారు. అతను బయటికి వచ్చి కొళాయి దగ్గర మొహం కడుక్కుని చాలాసేపు తుడుచుకున్నాడు. గర్భసంచి తీయకపోతే మనిషి దక్కదన్నారట. సంతకం పెట్టాడు. కానీ ఆమెకి చెప్పొద్దని బతిమాలుకున్నాడు. చెప్తే టేబులెక్కదు సార్, నాకు మనిషి కావాలి అన్నాడు. చెడ్డవాడు కాదు. ఆమెకి మాత్రం నిమ్మకాయంత గడ్డ, అది తీస్తారు, అంతే అని చెప్పారు.

నేను వరండా తుడుస్తున్నాను. నర్సు పిల్ల సారు వెంటే నడుస్తూ అడిగింది.

"సార్, గర్భసంచి తీస్తాండామని ఆమెకు చెప్పినారా?"

"మొగుడికి చెప్పినాం. సంతకం పెట్టినాడు."

"కడుపు ఆమెది కదా సార్."

సారు ఆగారు. "జర్మనీ ఇంకా రాలేదు పాపా. ఇది హిందూపురం. నీ పని నువ్వు చూడు."

మర్నాడు పొద్దున ఆమెని తయారుచేయడం నా వంతు. మంచం చుట్టూ తెర లాగాను. గాజులు తీయించాను. మట్టెలు కదలకుండా ప్లాస్టరు చుట్టాను. మూట తెచ్చాను, డబ్బా తెచ్చాను. చీర నేసే మనిషి చూపు కదా, ఏదీ వదలదు. నా చేతుల్నే చూస్తోంది.

"ఆయమ్మా, ఆ డబ్బా దేనికి?"

"తీసింది ఏసేకి."

"నిమ్మకాయంత గడ్డ అన్యారు. దీండ్లో కొబ్బరికాయ పడుతాది."

నేను డబ్బా మూత బిగించాను. ఆమె మెల్లగా లేచి కూర్చుంది. నా చెయ్యి పట్టుకుంది, గట్టిగా కాదు.

"నేను పట్టు నేసేదాన్ని. పోగు తెగితే తెగింది తీసేసి కొత్తది అతుకుతాం. మగ్గం ఇప్పం. నువ్వు ఆడదానివి, నాకు నిజం చెప్పు. వీండ్లు పోగు తీస్తారా, మగ్గమే ఇప్పుతారా?"

ఇన్ని మధ్యాహ్నాలు నేను రోగిని అయి కూర్చుని అడిగిన ప్రశ్నలే అవి. అడిగినవాళ్లకి వాళ్ల ఇంటి మాటలోనే చెప్పాలి అని ఆ పిల్ల రోజూ నాకు వినిపించింది. ఆమె ప్రశ్నే ఆమె ఇంటి మాటలో వచ్చింది. జవాబుకి ఒక్క మాట చాలు. ఆలోచించలేదు. పోయి నర్సుని పిలుచుకు రావచ్చు, సారుని పిలవవచ్చు, ఆమె మొగుణ్ణి పిలిచి నువ్వే చెప్పప్పా అనవచ్చు. అవేవీ తోచలేదు.

"మగ్గమే తల్లీ" అన్నాను.

ఆమె ఏడవలేదు. నా చెయ్యి వదిలి మంచం దిగింది.

"నా చీర యాడ?"

నేనే ఇచ్చాను. కట్టుకుంది. మట్టెల ప్లాస్టరు పీకి నా ముందు పడేసింది. తెర తీసుకుని, వార్డు మధ్యలోంచి, గోడ పట్టుకుంటూ ముందు హాలులోకి పోయింది. మొగుడు బెంచీ మీద కునుకు తీస్తున్నాడు.

"లెయ్. ఇంటికి పోదాం."

"ఏమైందే? నువ్వెందుకు లేచినావు?"

"నాకు తెలీకుండా నా కడుపు రాసిస్తివి కదా. లెయ్ అంటాండా."

అతను అటూ ఇటూ చూశాడు. రక్తం పోయి నిలబడలేని మనిషి, అతను లేచేదాకా అక్కడే నిలబడింది. ఇద్దరూ మెట్లు దిగి పోయారు. లోపల టేబులు సిద్ధంగా ఉంది, మత్తు డాక్టరు చేతులు కడుక్కుని కూర్చుని ఉన్నాడు.

సారు బట్టల గదికి వచ్చేసరికి అక్కడ నేనూ నర్సు పిల్లా ఉన్నాము. నేను విప్పని మూట మళ్లీ బీరువాలో పెడుతున్నాను. సారు అరవలేదు. కోపం వస్తే ఆయన గొంతు తగ్గించేవారు.

"ఆమెకి ఎవరు చెప్పినారు?" నన్ను కాదు, ఆ పిల్లని అడిగారు. నా వైపు కనీసం తిరగలేదు. ఆ గదిలో ఉన్న మూటల్లో నేనూ ఒక మూట.

"నేను చెప్పలేదు సార్."

"నిన్న నాతో వాదించింది ఎవరు?"

"నేనే సార్. కానీ ఆమెతో చెప్పలేదు."

అప్పుడు తెరిచి ఉన్న బీరువా తలుపు ఆయన కంట పడింది. దగ్గరికి పోయి అట్ట చదివారు. పైకే చదివారు. కోసి తీసేసేది. గొట్టం ఏసి చూసేది. అవి నా మాటలు, ఆయన నోట్లో.

"ఎవరి రాత?"

"నాదే సార్."

"తెలుగులో ఎందుకు రాసినావు? రోగులకు పాఠాలు చెప్పేకా? ఎవరికోసం ఇది?"

ఆ పిల్ల నా వైపు చూసింది. ఎంతసేపో నేను చెప్పలేను. తక్కువసేపేమీ కాదు. ఆ చూపు నా మీద ఉందని తెలిసి నేను మూట ముడి వైపు చూస్తూ నిలబడ్డాను. మంచి ముడి, నేను వేసిందే, ఊడే ముడి కాదు. అయినా రెండు చేతులతో బిగించాను. జనరేటరు పక్క గది కళ్ల ముందు మెదిలింది. వీధిలో నా పెట్టె మెదిలింది.

"నా జర్మను చదువు కోసం సార్" అంది ఆ పిల్ల.

సారు ఆ అట్టను పీకి రెండుగా చింపారు. "రేపట్నించి రావద్దు. మూడు నెలల నోటీసు అయినాక వచ్చి నీ సర్టిఫికెట్లు తీసుకో. అనుభవం కాగితం అడగొద్దు. ఏం అనుభవమని రాసేది?"

మూడు నెలలు. నెలాఖరుకి ఉన్నది పదకొండు రోజులు.

ఆ పిల్ల డ్యూటీ గదిలో సంచి సర్దుకుంటుంటే గుమ్మం దగ్గరికి పోయాను. సిస్టరమ్మా అన్నాను. చెప్పులు వేసుకుని నా పక్కనుంచి పోయింది. కిటికీలోంచి చూశాను. గేటు దగ్గర చాలాసేపు నిలబడింది. బస్సు కోసం అనుకున్నాను. మా గేటు దగ్గర ఏ బస్సూ ఆగదు.

ఐదు రోజులు అన్నం సయించలేదు. ఆరో రోజు సారు గదిలోకి పోయాను.

"సార్, ఆమెకు చెప్పింది నేనే."

సారు నవ్వారు. "ఆ పాప పంపించిందా నిన్ను?"

"లేదు సార్. నాకు తెలిసే చెప్పినా. ఎక్టమీ అంటే తీసేసేది. ముందర హిస్టర్ అని ఉంటే గర్భసంచి."

నవ్వు ఆగిపోయింది. ఒక్క క్షణం ఇంక అయిపోయింది, గది పోయింది అనుకున్నాను. ఎందుకో గుండె తేలికపడింది కూడా.

"చూడు, ఆయాకి కూడా నేర్పించింది" అన్నారు సారు. "ఇంకా ఎంతమందిని చెడగొట్టిందో."

"ఆ పాప రాకముందు నుంచే తెలుసు సార్ నాకు."

"ఎట్ల తెలుసు?"

"దుప్పట్లు మడుస్తా నేర్చుకున్యా."

మళ్లీ నవ్వారు, ఈసారి బాగా. "పాపం, నిన్ను బాగా బుట్టలో ఏసింది. పో, టీ తీసుకురా."

టీ తెచ్చి ఇచ్చాను. ఏం చేయమంటారు? నన్ను తీసేయలేదు. గది తీసుకోలేదు. ఒక్క మాట కూడా తిట్టలేదు. నేను ఏ భయంతో నోరు మూసుకున్నానో ఆ భయానికి అసలు ఆధారమే లేదు. తప్పు మోయడానికి కూడా పనికిరాని మనిషిని నేను. ఆ పిల్ల నోరు తెరిస్తే తప్పు, నేను నోరు తెరిచినా ఆ పిల్లదే తప్పు. ఆ నెలాఖరు నాడు నేను తొమ్మిది మంచాల దుప్పట్లు మార్చాను. ఎవరూ ఏమీ అనలేదు.

మరుసటి ఏడు ధర్మవరం పోయాను. పనేమీ లేదు. నేను చేసింది ఎవరికో ఒకరికి పనికొచ్చిందని కళ్లతో చూడాలనిపించింది. నేతగాళ్ల వీధుల్లో అడుక్కుంటూ పోతే ఇల్లు దొరికింది. ఆమె మగ్గం మీద ఉంది. మొహంలోకి రక్తం వచ్చింది. నన్ను గుర్తుపట్టి మగ్గం గుంటలోంచి లేచింది, మజ్జిగ ఇచ్చింది.

"బాగుండావా తల్లీ?"

"బాగుండా ఆయమ్మా. తీసేసినారు."

"ఏంది?"

"అదే. మగ్గం. అనంతపురం పెద్దాసుపత్రిలో."

గ్లాసు కింద పెట్టేశాను. అదే ఆపరేషను. అదే తోక. ఇంకొక చేతి కత్తి. అంతే తేడా అయితే, ఆ పిల్ల ఎందుకు మునిగిపోయినట్టు?

"మరి నేను చెప్పింది ఏం పనికొచ్చింది?" అని అడిగేశాను. సిగ్గు కూడా వేయలేదు.

ఆమె అడ్డపోగు నేసే నాడెని చేతిలోకి తీసుకుంది. "ఆడుండే డాక్టరమ్మ బొమ్మ గీసి చూపించింది. ఎందుకు పనికిరాకుండా పోయిందో చెప్పింది. నేను టైమడిగినా. సరే, రక్తమెక్కించుకోని పో, నెలకు రా అన్యాది. ఆ నెలంతా ఏడిస్తి, నేస్తి. మా ఆయన్తో మాట్లాడల్యా. ఆమీట నేనే పోయి పండుకుంటి, నేనే సంతకం పెడితి." నా వైపు తిరిగింది. "చెప్పినందుకు నిన్నేమన్నా చేసినారా ఆయమ్మా? నాకు అదే బెంగ ఉండె."

"నన్నేం చేయలేదు" అన్నాను. అది నిజమే.

పిల్లలూ, మీలో ఎవరైనా దీన్ని విని, ఆయమ్మ ధైర్యంగా చెప్పింది అనుకుంటే తప్పు. తెర వెనక, ఒక్క మనిషి చెవిలో, ఒక్క మాట అనడానికి నాకు ధైర్యం అక్కర్లేకపోయింది. అది ఊడిపడింది. ధైర్యం కావలసింది ఆ తర్వాత బట్టల గదిలో. అప్పుడు చెప్పవలసింది ఇంకా చిన్న మాట. అది చెప్పి ఉంటే సారు నమ్మేవారు కాదేమో. అయినా ఆ పిల్ల విని ఉండేది.

పెనుకొండ పోవడానికి నాకు ఇంకా రెండేళ్లు పట్టింది. పని మానేశాక పోయాను. ఆ పిల్ల బస్టాండు దగ్గర మందుల షాపులో ఉందని తెలిసింది. పెళ్లయింది. మెడలో నల్లపూసలు, చేతిలో కత్తెర, మాత్రల అట్టలు కత్తిరిస్తోంది. నన్ను చూసి కత్తెర ఆపలేదు.

"ఏం కావల్ల ఆయమ్మా?"

"నిన్ను చూసిపోదామని వచ్చినా పాపా. ధర్మవరం పోయింటి. ఆమె బాగుండాది."

"మంచిదే."

"జర్మనీకి మల్ల రాసుకోకూడదా?"

"ఆ పరీక్ష గడువైపోయింది. మల్ల మొదట్నుంచీ రాయల్ల. ఇంట్లో ఒప్పుకోరు." వచ్చినవాడికి దగ్గు మందు ఇచ్చి, రోజుకెన్నిసార్లు తాగాలో రెండుసార్లు చెప్పి, అతని నోటితో తిరిగి చెప్పించుకుని పంపింది. అర్థం కాకపోతే ఇప్పటికీ ఒప్పుకోదు.

"ఆ పొద్దు నువ్వు నన్ను కాపాడితివి" అన్నాను. "నా కోసమని చెప్పకుండా, నీ చదువు కోసమని చెప్తివి. నేను..."

"నిన్ను కాపాడల్లని కాదు ఆయమ్మా."

అప్పుడు కత్తెర కింద పెట్టింది. కోపం లేదు గొంతులో. ఉంటే బాగుండేది.

"సారు ఎవురికోసమని అడిగినప్పుడు నీ పేరు నా నోట్లో రాకూడదనుకున్యా. నీ మాట నువ్వే చెప్తావని. సారుకు ఏదో ఒకటి చెప్పి, నీకు కొంచిం టైమిచ్చినా. నువ్వు నోరు తెరుస్తావని చూసినా. అంతే."

నేను ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు, అన్నా అది పనికొచ్చే మాట అయి ఉండదు. ఆ పిల్ల విన్నది. తలాడించింది. మళ్లీ కత్తెర తీసుకుంది.

"ఇంకేమన్నా కావల్లనా?"

"లేదు పాపా."

"అట్లయితే కొంచిం పక్కకు జరుగు ఆయమ్మా. నీ ఎనకాల మనుషులు నిలబడుండారు."

జరిగాను.